పెద్దమ్మ చదివిన చిరుగులు

మా పెద్దమ్మ వలలు బాగుచేస్తుంది. చిరుగును వేళ్ల మధ్య పట్టుకుని, అది ఎలా పడిందో చెప్పేస్తుంది. బడి మానేసినప్పటి నుంచి నేను పక్కన కూర్చుని దారం అందిస్తున్నాను.

ఏటి ఒడ్డున రెల్లులో నీటికుక్కలు ఒక్క జంటే మిగిలింది. ఈ ఏడు బొరియలో మూడు పిల్లల్ని పెట్టాయి. వలలన్నీ అవే కొరికేస్తున్నాయని, రెల్లు తగలబెట్టాలని జాలర్ల సంఘం పట్టుబట్టింది. అన్నీ అవి చింపినవి కావని పెద్దమ్మ అడ్డుపడింది.

"అవి చింపితేనే నీకు పని. వెనకేసుకురాక ఏం చేస్తావులే వదినా" అన్నాడు అధ్యక్షుడు.

"చిరిగిన వలలన్నీ సంఘం గదికి తెప్పించు మరిదీ. అవే చింపాయని తేలితే నేనే అగ్గిపుల్ల గీస్తాను" అంది పెద్దమ్మ.

మర్నాడు తొమ్మండుగురు తలా ఒక వల తెచ్చారు. వెనకే ఇంటావిడలూ వచ్చారు. వాళ్లను పిలవడానికి పెద్దమ్మ నన్ను పొద్దున్నే ఇల్లిల్లూ తిప్పింది.

మొదటి వలను కిటికీ వెలుగులో పట్టింది. "పన్ను పడితే దారం పీచు లేస్తుంది. ఇది నున్నగా తెగింది. చిక్కు తీసే ఓపిక లేక కత్తి పెట్టావు కదూ నాయనా?"

ఆ వల తెచ్చినాయన పైకప్పు వంక చూశాడు.

రెండోది. "దారం కరిగి పూసకట్టింది. సిగరెట్టు."

"మానేశానని నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పారు" అంది వాళ్లావిడ.

అధ్యక్షుడు తన వలను మెల్లగా చుట్టచుట్టసాగాడు. "నాది తీరిగ్గా చూద్దువులే వదినా."

"తీరికే మరిదీ." లాక్కుని చూసింది. "మెలితిరిగి తెగింది. మోటారు పంకాలో పడింది. నీ పడవకి మోటారు లేదే?"

"మా అన్నయ్య తన మోటారు పడవ ఎవరు పట్టుకెళ్లారా అని వారంగా వెతుకుతున్నాడు" అంది అధ్యక్షుడి భార్య, నిదానంగా.

మిగతావి మొద్దులకు పట్టినవీ రేకులకు గీరుకున్నవీ. చివరిది పెదనాన్నది. పెద్దమ్మ దాన్ని రెండుసార్లు తిప్పి చూసింది. దాచేస్తుందేమో అనుకున్నాను.

"ఇది మాత్రం నీటికుక్క పనే" అంది.

"చూశారా" అని లేచాడు పెదనాన్న.

"చేపలతో సహా వలను మధ్యాహ్నం దాకా నీళ్లలో వదిలేసి మీరు గురక పెట్టారు. వడ్డించి పెట్టి, తిన్నాయని ఏడిస్తే ఎలాగండీ?"

రెల్లు జోలికి పోకూడదు, వలలు పొద్దున్నే తీసెయ్యాలి అని అధ్యక్షుడు పుస్తకంలో రాశాడు. తొమ్మండుగురూ సంతకాలు పెట్టేదాకా ఆడవాళ్లు గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు.

ఇప్పుడు మాకు పని సగానికి తగ్గింది. మగవాళ్లు తలుపులు వేసుకుని వాళ్ల వలలు వాళ్లే కుట్టుకుంటున్నారు.