సభలో నాయిన ఫోటో

మాదాపూర్‌లో అద్దాల భవనాలు లేస్తున్న రోజుల్లో మా నాయిన తప్పిపోయాడు. అప్పటికే ఆయనకు మతిమరుపు ముదిరింది. పొలాల మీదుగా కొత్తగా పడ్డ రోడ్లలో దారి తెలియక ఎటో వెళ్లిపోయాడు. మేం తిరగని దవాఖాన లేదు, మెట్లెక్కని పోలీసు ఠాణా లేదు.

ఇంటర్నెట్, టీవీ ఛానళ్లు సమాజాన్ని ఎలా మారుస్తాయో ఒక భవనంలో చర్చ పెట్టారని, ఎవరైనా రావచ్చని తెలిసింది. టీవీవాళ్లు వస్తారన్న ఆశతో నాయిన ఫోటో పట్టుకుని వెళ్లాను. వేదిక మీద ఒకాయన, ఇకపై ఎవరూ ఎవరికీ దూరం కారని చెప్పాడు. ప్రశ్నలు అడగమనగానే మైకు అందుకున్నాను.

"సార్, మా నాయిన కనిపిస్తలేడు. జర ఈ ఫోటో టీవీల చూపెట్టుండ్రి."

అంటూనే ఏడ్చేశాను.

"ఇది అందుకు వేదిక కాదమ్మా, కూర్చోండి" అన్నాడు సభ నడిపే ఆయన. కానీ కెమెరా నా వైపు తిరిగింది. ఫోటోను రెండు చేతులా పైకెత్తాను.

ఆ సాయంత్రం వార్తల్లో తెర నిండా నా ఏడుపు మొహమే ఉంది. ఫోటో ఎక్కడా కనబడలేదు. "కొత్త మాధ్యమాలపై సామాన్యుల ఆవేదన" అని చదివి, ఇంకో వార్తలోకి పోయారు.

అమ్మ లేచి టీవీ దగ్గరికి వెళ్లింది.

"మీ నాయినేడి బిడ్డా?"

నాయిన దొరకనే లేదు. బజారుకు పోతే మాత్రం, టీవీలో ఏడ్చింది ఈమేనని చాలామంది గుర్తుపట్టేవాళ్లు.