నూనె ఎక్కడి నుంచి కారింది

"మూత మంచిగ తిప్పకపోతివి. సూడు, నూనంత కారింది," అన్నాడు మా ఇంటాయన.

"గట్టిగనే తిప్పిన. ఊకె నన్నే అంటవు," అన్నాను నేను.

మేమిద్దరం ఆఖరిసారి మాట్లాడుకున్నది ఇంతే. చెట్లు కోసే మిషన్‌ను రేకుల షెడ్డులో పెట్టి, చాయ్ తాగొస్తానని రోడ్డు మీదికి పోయాడు. హోటల్ బెంచీ మీదనే ప్రాణం పోయింది. గుండె అన్నారు. చేన్ల గట్ల మీది తుమ్మలు, వేపలు ఆ మిషన్‌తోనే కోసేవాడు. పెట్రోలు తనే పోసుకునేవాడు. చెట్టును కోసే పళ్ల గొలుసు ఎండిపోకుండా దానికి వేరే నూనె ఉంటుంది, అది పోసి మూత తిప్పడం నా పని. ఆ పొద్దు కూడా పోసి ఇచ్చాను.

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే నా మేనకోడలు రాస్తోంది.

దినాలు అయిపోయాయి, చుట్టాలు పోయారు. నాకు ఏడుపు రాలేదు. అన్నం తిన్నాను, వాకిలి ఊడ్చాను. లోపల ఒక్కటే తిరిగేది. మూత నేను సరిగ్గా తిప్పానా, లేదా? మిషన్ కింద నల్లగా మడుగు కట్టింది. మా మరిది చూసి, "మూతనే ఖరాబైంది వదినె. పాత సామానోనికి ఎయ్యి, పీడ పోతది," అన్నాడు. వేస్తే నాకు ఎప్పటికీ తెలియదు. అప్పుడు మా బాపు తల్లి, మా బాపమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మా ఇంట్లో నువ్వుల నూనె పెద్ద జాడీలో ఉండేది. కొట్టు గదిలో మట్టి నేల మీద, ఓ మూలకు పెట్టేవాళ్లు. మా చిన్నాయన పెండ్లాం, మా చిన్నమ్మ, కొత్తగా కాపురానికి వచ్చింది. వంట ఆమె చేతికి వచ్చిన దగ్గర్నుంచి జాడీలో నూనె దిగిపోతోంది. ఓ పొద్దున మా అవ్వ, నన్ను కన్న తల్లి, అందరి ముందర అనేసింది. "మీ పుట్టింట్ల నూనె మొకం సూడలేదా ఏంది? పోస్తున్నవా, తాగుతున్నవా?" చిన్నమ్మ గరిటె కింద పెట్టేసింది. లోపలికి పోయి చీరలు మూట కట్టుకుంది. పుట్టింటికి పోతే నూనె తాగిందన్న పేరుతోనే పోవాలి. తిరిగి ఎట్లా వస్తుంది?

మా బాపమ్మ కోప్పడలేదు. "జర ఆగున్రి. జాడీని కూడ ఓ మాట అడుగుదాం," అంది. మా బాపు నవ్వాడు. ఆమె నవ్వలేదు. జాడీని వాకిట్లోకి తెప్పించి, పాత గుడ్డతో అడుగు దాకా తుడిచింది. తడి అన్నది లేకుండా తుడిచింది. పిడకల బూడిద జల్లెడ పట్టి దాని ఒంటి నిండా చల్లి, ఎండు బండ మీద పెట్టింది. అవ్వ ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపింది. అందరం కూర్చున్నాం. చిన్నమ్మ గడపలో మూట పక్కన పెట్టుకుని నిలబడింది.

ఎండ జాడీ మీదికి వచ్చింది. అడుగున ఏమీ లేదు. పైన, చెవి కింద, బూడిద వెంట్రుకంత సన్నగా నల్లబడింది. తరువాత ఆ నలుపు కిందికి సాగింది. గోడ వైపు పగులు అది. ఇన్నాళ్లూ నూనె వెనక నుంచి జారి మట్టిలో ఇంకిపోయింది.

బాపమ్మ మా అవ్వను ఒక్క మాట కూడా అనలేదు. చిన్నమ్మకు గరిటె ఇచ్చి, "పొయ్యి ముట్టియ్యి బిడ్డా, ఆకలైతాంది," అంది. నా వైపు తిరిగి, "కింద తడి సూసి మనిషిని అనొద్దు. ముందుగాల తుడువు. పొడి సల్లు. నోరు మూస్కోని కూసో," అంది.

నేనూ అట్లనే చేశాను. మిషన్‌కు అంటుకున్న రంపపు పొట్టు అంతా గీకేశాను. ఎప్పటిలాగే నూనె పోసి మూత తిప్పాను. ఆయన పాత లుంగీతో తుడిచాను. బూడిద గొలుసును అరగదీస్తుందని భయపడి, ముఖానికి పూసుకునే పౌడర్ డబ్బా తెచ్చాను. నాకిక దానితో పనిలేదు. మూత చుట్టూ, గొలుసు తిరిగే ఇనుప పట్టీ కింద, అంతా చల్లి, సిమెంటు గచ్చు మీద పెట్టి ముందర కూర్చున్నాను. మరిది నిలబడి చూశాడు.

మూత తెల్లగానే ఉంది. పట్టీ మొదట్లో, పక్క డొప్ప కింద పౌడర్ తడిసింది. మరిది డొప్ప విప్పాడు. లోపలికి ఇంకా విప్పాడు. నూనె పోయే చిన్న రబ్బరు గొట్టం నెర్రెలు బారి ఉంది.

"మూతకేం కాలే వదినె. గీ గొట్టం పగిలింది," అన్నాడు.

"ఆఁ," అన్నాను.

ఏదో అవుతుందనుకున్నాను, ఏమీ కాలేదు. చేతులు కడుక్కుని బియ్యం పోశాను. నేను గట్టిగానే తిప్పాను. చెబుదామంటే ఆయన లేడు.

బాపమ్మ పోయి చాలా ఏండ్లయింది. ఎవరి మీదనైనా మాట పడుతుంటే, ఇప్పటికీ నా నోటి కంటే ముందు నా చెయ్యి గుడ్డ కోసం వెతుకుతుంది. ఆమె నాకిచ్చింది అదే. నా మీద మాట పడ్డప్పుడు కూడా అదే పనికొచ్చింది.

అయిపోయింది బిడ్డా. రాసిందంతా మొదటి నుంచి చదువు, వింటాను. జర గట్టిగా చదువు.