నాలుగు వేళ్ల ఖాళీ

మొన్న మనవరాలి స్కూటరు వెనక కూర్చుని విజయనగరం కోట వైపు వెళ్తుంటే, దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగింది. ఆ పిల్లకి పెట్రోలు వాసనంటే ఇష్టమట, గట్టిగా పీల్చి నా వైపు తిరిగి నవ్వింది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దిగిపోయి రోడ్డవతల కిళ్లీకొట్టు నీడలో నిలబడ్డాను. ముసలిదానికి వాసనలు పడవని అనుకుని ఉంటుంది. అనుకోనీ. ఆ వాసన తగిలితే నేను సాలూరులో తొమ్మిదేళ్ల పిల్లనైపోతాను. ఆ వయసుకి మళ్లీ వెళ్లాలని నాకు లేదు.

అరవైల చివరి మాట. సాలూరులో మా వీధి నిండా లారీలే. పొద్దున్న కోడి కూసేలోపు ఇంజన్లు లేచేవి, మా అమ్మలు వాకిట్లో కళ్లాపి చల్లితే ఆ తడి మట్టి వాసనతో పాటు నూనె కంపూ, కాలిన రబ్బరు కంపూ ఇంట్లోకి వచ్చేసేవి. నాన్నది మిలటరీ వాళ్లు వాడి వదిలేసిన పాత పెట్రోలు బండి. చుట్టుపక్కల వాళ్లంతా ఒక్కొక్కరే డీజిలు బళ్లకి మారిపోతున్నా, నాన్న ఆ ముసలి బండినే పట్టుకుని సుంకి ఘాటీ కొండదారి మీదుగా ఒరిస్సాలోని జైపూరు తోలేవాడు. వెళ్లేటప్పుడు బియ్యం, ఉప్పు, ఎండుచేపలు. వచ్చేటప్పుడు చింతపండు, అల్లం, పసుపు, కొండచీపుర్లు, కాలం వస్తే అనాసపళ్లు. బండి వీధి మలుపు తిరగ్గానే ఏ సరుకు తెచ్చాడో మేం ముక్కుతోనే చెప్పేసేవాళ్లం.

నాన్నకి కోపం తక్కువ, చాదస్తం ఎక్కువ. ఆ చాదస్తమంతా పెట్రోలు టాంకీ మీదే. బంకులో చేతిపంపు తిప్పి పోస్తుంటే పక్కనే నిలబడి, మూతి లోపలికి చెయ్యి పెట్టి చూసి, నాలుగు వేళ్ల ఖాళీ ఉండగానే ఆపించేసేవాడు. ఇంకో చుక్క పడనిచ్చేవాడు కాదు. "మూతి దాకా పోస్తే ఎండకి పొంగుతాది. పొంగిందంటే మూత పక్కనుంచి కారతాది. కారిన సోట నిప్పక్కర్లేదు, నిప్పు మాట అనుకుంటే సాలు" అనేవాడు. మూతకున్న సన్నటి చిల్లులో దుమ్ము చేరితే గుండుసూదితో తీసేవాడు. వేసవిలో ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజను వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరైపోయి, బండి దగ్గి దగ్గి నిలిచిపోయేదట. అప్పుడు ఊట నీళ్లలో తడిపిన గుడ్డ ఇంజను పక్కనున్న పంపుకి చుట్టి, అది చల్లారేదాకా చెట్టు కింద కూర్చునేవాళ్లట. అందుకని అమ్మ పాత చీరలన్నీ పేలికలై లారీలోకే పోయేవి.

నాన్నతో పాటు బండి తోలేవాడు మా సింహాద్రి మావ, అమ్మకి తమ్ముడు. పొడుగ్గా, పల్చగా, ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండేవాడు. జైపూరు నుంచి వస్తే నాకు గాజులు, అమ్మకి వక్కలు, నాయనమ్మకి పొగాకు తప్పకుండా తెచ్చేవాడు. నన్ను "ఏటే గుంటా" అంటే నాకు ఒళ్లు మండేది. అనకుండా ఒక్క పూట ఊరుకుంటే ఏదో పోయినట్టుండేది.

దసరా మా వీధికి పెద్ద పండగ, లారీలకి కూడా పండగే. పొద్దున్నే బళ్లన్నిటినీ వేగావతి ఏట్లోకి దింపి, కొబ్బరిపీచుతో తోమి, మనుషులకి పోసినట్టే తలంట్లు పోసేవాళ్లు. ఇంటికి తెచ్చాక బంతిపూల దండలు, మామిడాకులు, చక్రాలకి పసుపు, అద్దానికి కుంకుమ బొట్లు. ఇంట్లో పులిహోర తాలింపు, బెల్లం పరమాన్నం, ఆకలి. పూజ అయ్యేదాకా ఎవరికీ ముద్ద పెట్టేవారు కాదు.

ఆ ఏడు మావ బండి కడిగించి ఏటి నుంచే బంకుకి పోతానన్నాడు. నాన్న తోరణాలు కడుతూ నన్ను పిలిచి, "పైడీ, నాలుగు వేళ్లు కాళీ ఒగ్గమన్నానని మీ మావకి సెప్పి రా" అన్నాడు. నేను గడప దాటుతుంటే నాయనమ్మ వినిపించుకుని గొణిగింది. "పండగ పూట ఎలితేటి? కలశం నిండుగా ఉండాల, కుండ నిండుగా ఉండాల, బండి మాత్రం కాళీయా?" నాకు నాయనమ్మ మాట నచ్చింది. అంతకంటే, టాంకీ మూతి దాకా పెట్రోలు తళతళలాడుతూ నిండితే చూడాలని ఎన్నాళ్లనుంచో ఉంది.

"మీ నాన్న ఏటన్నాడే గుంటా?" అని మావ బంకులో అడిగాడు.

"నిండా పోయమన్నాడు" అన్నాను.

"బావే అన్నాడా? అదేటి?"

"పండగ కదా మరి."

మావ నమ్మేశాడు. నేను ఆయన చంకనెక్కి, నిండిన టాంకీలోకి తొంగి చూసి చప్పట్లు కొట్టాను.

బండిని వాకిట్లో ఎండలో పెట్టారు. పూజ మధ్యాహ్నానికి గాని మొదలుకాలేదు. టాంకీ మీదికి బంతిదండలు వేలాడుతున్నాయి, సాంబ్రాణి పొగ కమ్మేసింది, దండల కింద మూత పక్కనుంచి సన్నగా కారుతున్నది ఎవరికీ కనిపించలేదు. నాన్న బండి ముందు కొబ్బరికాయ కొట్టాడు. మావ బూడిదగుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, దిష్టి తీస్తూ బండి చుట్టూ తిరగసాగాడు. "పెట్రోలు కంపేటిరా?" అని నాన్న అరవడం, మావ టాంకీ దగ్గరికి రావడం ఒక్కసారే జరిగాయి. భగ్గుమంది. గుమ్మడికాయ కింద పడింది, మావ పంచె అంటుకుంది. నాన్న ఇసకా, తడి గోనెలూ వేసి బండి మీది మంటని ఆర్పగలిగాడు. మావని అప్పటికే మంట పట్టేసింది.

పక్కింటివాళ్ల లారీలో విజయనగరం ఆసుపత్రికి తీసుకుపోయారు. మూడో రోజు అమ్మ గంజి పట్టుకెళ్తూ నన్నూ తీసుకెళ్లింది. అరటాకు మీద పడుకోబెట్టారు మావని. నాన్న పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి ఉన్నట్టుండి అడిగాడు.

"ఒరే సింహాద్రీ, నాలుగు వేళ్లు ఒగ్గమని గుంటతో సెప్పి పంపినాను కదరా. ఇది సెప్పలేదేటి?"

మావ కళ్లు తిప్పి నన్ను చాలాసేపు చూశాడు.

"సెప్పింది బావా" అన్నాడు. "నేనే మరిసిపోనాను."

ఐదో రోజు పొద్దున్న పోయాడు. ఇరవై నాలుగేళ్లు. బంకులో ఉన్న మనిషి ఏదైనా విన్నాడేమోనని నేను కొన్ని నెలలు ఆ దారినే నడవలేదు. నాన్న ఆ బండి అమ్మేసి, వేరేవాళ్ల డీజిలు లారీ తోలాడు. మావ మాట వస్తే చాలు, "ఒక్క మాట గుర్తెట్టుకోలేకపోనాడు" అని కళ్లు తుడుచుకునేవాడు. అలా ముప్పై ఏళ్లు అన్నాడు. ప్రతిసారీ చెప్పేద్దామనుకున్నాను, ప్రతిసారీ వంటింట్లోకి వెళ్లిపోయాను. చివరికి నాన్నా పోయాడు, అమ్మా పోయింది.

పెట్రోలుతో నడిచే లారీలు ఇప్పుడు ఎక్కడా లేవు. సుంకి ఘాటీలో బండి ఆపి చెట్టు కింద కూర్చునేవాళ్లూ లేరు. మావ ఫొటో కూడా ఒక్కటీ లేదు, ఎప్పుడూ తీయించుకోలేదు. మా ఇంట్లో మిగిలింది ఆయన మతిమరుపు ఒక్కటే. కిందటి నెల మా తమ్ముడి మనవడు బస్సులో గొడుగు మర్చిపోయి వచ్చాడు. మావ పోయేనాటికి తమ్ముడు ఉయ్యాల్లో ఉన్నాడు, ఆయన మొహమే ఎరగడు. అయినా మనవడి నెత్తి మీద మొట్టి, "అచ్చం సింహాద్రి మావ పోలికేరా నీది" అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.