గడియారం వెనక గోడ

రేపల్లెలో మా కాలేజీని కట్టించింది లూథరన్ మిషను. నాన్న అందులో తెలుగు మాస్టారు. పొద్దున గంట కొట్టగానే అందరూ ప్రార్థన మందిరంలో కూర్చుని ఒక కీర్తన పాడి క్లాసులకు వెళ్లేవారు. సముద్రం మీద వేటకు వెళ్లే హిందువుల ఇళ్ల పిల్లలకు కూడా ఆ కీర్తనలు కంఠతా వచ్చు.

ఎనభైలలో కాలేజీ విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. జీతాలు వేళకు రావడం మొదలైంది, ఎమ్మే వచ్చింది, ప్రార్థన పోయింది. మందిరం పరీక్షల హాలయింది. గోడ ఇటుకల్లో కలిపి కట్టిన శిలువను తీయడం కుదరక దాని మీద పెద్ద గడియారం తగిలించారు. ఆ రోజు నుంచి నాన్న హాల్లో కాలు పెట్టలేదు. నాకు ఊళ్లోనే ఎమ్మే సీటు దొరికింది ఆ మార్పు వల్లే కాబట్టి, ఆయన అలక చూస్తే ఒళ్లు మండేది.

తొంభైలలో తెనాలి అబ్బాయితో నా పెళ్లి కుదిరింది. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. నాన్న రాసిచ్చిన ప్రకటనలో పెళ్లి జరిగే చోటు ‘కాలేజీ ప్రార్థన మందిరం’ అని ఉంది. ఎవర్నీ అడగలేదు. తన పెళ్లి అక్కడే అయింది కనక నాదీ అక్కడేనట! బాపట్ల చుట్టాల దాకా కబురు పాకిపోయింది. అభ్యంతరం చెప్పింది విశ్వవిద్యాలయం ఒక్కటే. సర్కారు హాల్లో మత కార్యాలు కుదరవంది.

ఆ మాట చెప్పడానికి ప్రిన్సిపాలే ఇంటికొచ్చారు. వేమూరు రైతు బిడ్డ, ఒకప్పుడు నాన్న శిష్యుడు.

“నీకు నేను పాస్ మార్కులు వేసుండకూడదురా,” అన్నారు నాన్న.

నాకు తల కొట్టేసినట్టయింది. ప్రిన్సిపాల్ మాత్రం కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు.

“పూర్వ విద్యార్థుల సమావేశానికి హాలిస్తానండి మాస్టారూ. మీ చుట్టాల్లో ఇక్కడ చదవనోళ్లు ఎవరున్నారండి? లోపల ఏం చేసుకుంటారో నాకెందుకండి? సోమవారం పరీక్షలు. బెంచీలు మాత్రం కదపకండి.”

శనివారం అలాగే సమావేశమయ్యాం. బెంచీల మీద సుద్దముక్కతో వేసిన హాల్‌టికెట్ నంబర్లు అత్తయ్యల పట్టుచీరలకు అంటుకున్నాయి. నాన్న గుమ్మం దగ్గరే ఆగిపోయారు. తల ఎత్తనంటారు, లోపలికి రానంటారు. నా చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన మనిషి అలా నిలబడిపోతే ఏడుపొచ్చింది.

“గోడ చూడండి నాన్నా,” అన్నాను.

గడియారం లేదు. శిలువ ఉంది.

“ఆగిపోయిందండి. రిపేరుకిచ్చాం,” అన్నారు పక్కనే ఉన్న ప్రిన్సిపాల్.

నాన్న నన్ను లోపలికి నడిపించారు.

సోమవారం అదే హాల్లో పరీక్ష రాశాను. అరగంటకోసారి ప్రిన్సిపాలే వచ్చి టైము చెప్పి వెళ్లారు. అయ్యాక సంతకం కోసం ఆయన గదికి వెళితే, బీరువా పక్కన గోడకు ఆనించిన గడియారం టిక్కు టిక్కుమంటూ చక్కగా నడుస్తోంది.

ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి కండువాతో చాలాసేపు తుడుచుకున్నారు.

“ఫస్ట్ క్లాసు వెయ్యాల్సిందే వాడికి,” అన్నారు.