సోమన్న బండికి బ్రేకు పట్టింది

నిన్న నా వెల్డింగ్ షాపు ముందు ఎవరో కొత్త ఆటోకు పూజ చేయించారు. చక్రం కింద నలిగిన నిమ్మకాయ వాసన డీజిల్ పొగతో కలిసి లోపలికి వచ్చింది. చేస్తున్న పని ఆపేశాను. ఆ వాసన తగిలితే చాలు, అనంతగిరి పైన ఒక వాలులో పడి ఉన్న సోమన్న కళ్ల ముందుకొస్తాడు. సొంతంగా చేసుకున్న ట్రాక్టర్‌కు బ్రేకు పట్టక సోమన్న కాలు పోయిందని ఆ ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. చాలాకాలం ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

సోమన్న కొండరైతు. కాఫీ తోటలో జీపు నడుపుతూ, దాని రిపేర్లు తనే చేసుకుంటూ ఇనుప పని నేర్చుకున్నాడు. నేను మైదానం నుంచి కొండెక్కి షాపు పెట్టిన కొత్తలో పని దొరక్క కూర్చుంటే, తన ఇంటికి పిలిచి చోడి అంబలి పోసింది ఆయనే. ఒక వానాకాలం జబ్బు చేసి ఆయన ఎడ్లు రెండూ చచ్చిపోయాయి. కొండవాలు మీద మెట్లుమెట్లుగా ఉన్న ఆయన మడిచెక్కల్లోకి అద్దె ట్రాక్టర్ ఎక్కదు. అప్పుడాయన ఎక్కడో తుప్పు పడుతున్న పాత కారు ఛాసీని లారీ మీద వేయించుకొచ్చి నా షాపు ముందు దింపించాడు. దాన్ని పొట్టిగా కోశాం. నెమ్మదిగా నడిచేందుకు ఒక గేరుబాక్సు వెనక ఇంకొకటి పెట్టాం. నాకేమో తొందర. ఆయన ప్రతి అతుకునూ సుత్తితో కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు.

“బేగి బేగి అతికేత్తన్నావు. బిగిసిందో లేదో దాన్ని అడిగినావేటి?”

“ఇనుము మాటాడతదేటన్నా?”

“నువ్వు నోరు మూసుకుంటే మాటాడతది.”

బండి తయారయ్యాక దున్నే ముందు పూజ చెయ్యాలని పట్టుబట్టింది నేనే. మా వైపు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించకుండా బండి కదపరు. సోమన్నకు అది వింత.

“ఎద్దుకి పసుపు రాత్తాం గానీ, నిమ్మకాయలు తొక్కిత్తావేట్రా తమ్ముడా! దీనికీ కడుపునొప్పి వత్తదా?” అన్నాడు. ఊరంతా నవ్వింది.

బండి పొలం పైన వాలులో, కిందికి చూస్తూ ఉంది. గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, ముందు చక్రానికి రాయి అడ్డం పెట్టాడాయన. నేను నిమ్మకాయ పెట్టడానికి ఆ రాయి తీశాను. తరువాత ఎక్కి కూర్చుని, బండిని న్యూట్రల్ చేసి, బ్రేకు వదిలాను. చదును నేల మీద అలాగే చేస్తాం. వెనక నుంచి నలుగురు తోస్తే చక్రం మెల్లగా కాయనెక్కుతుంది. ఇక్కడ ఎవరూ తొయ్యనక్కర లేకపోయింది. సోమన్న బండి ముందు నిలబడి, మా వైపు వీపు తిప్పి, రేడియేటర్‌కు కట్టాల్సిన బంతిపూల దండ చిక్కు తీస్తున్నాడు. “అన్నా!” అని అరిచేసరికే ఆయన కింద పడి ఉన్నాడు, చక్రం ఆయన కాలి మీద ఉంది. బ్రేకు లాగాను. బండి నిలిచిపోయింది. ఆ బ్రేకు పట్టకపోతే వెనక చక్రం ఆయన ఛాతీ మీదికెక్కేది.

కింద పొలంలోంచి పరుగెత్తుకొచ్చిన జనానికి లాగి ఉన్న బ్రేకు కనిపించింది. “లాగినా పట్టలేదు,” అన్నారెవరో. అందరూ నా వైపు చూశారు. నేను అవునని తల ఊపాను.

ఆసుపత్రి నుంచి కర్రతో ఇంటికొచ్చాక సోమన్న ఆ బ్రేకును విప్పించి అరుగు మీద పరుచుకున్నాడు. ఎప్పుడు వెళ్లినా ఆ బ్రేకు డ్రమ్మునే వేలితో తడుముతూ కనిపించేవాడు. “తప్పు కనపడతలేదురా తమ్ముడా. కనపడితే దిద్దుకుందును,” అనేవాడు. నేను పక్కనే కూర్చుని టీ తాగి వచ్చేసేవాణ్ని. చివరికి, “నా సేతి పని నేనే నమ్మలేకపోతన్నాను. ఇంకెవడి మీదికైనా పోద్ది, కోసెయ్,” అన్నాడు. నా గ్యాస్ కట్టర్‌తో నేనే ఆ బండిని ముక్కలు చేశాను. ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ తరువాత ఎవరి ఇంజన్ చెడిపోయి పిలిచినా వెళ్లలేదు.

పోయిన చలికాలంలో సోమన్న చనిపోయాడు. కర్మలయ్యాక వెళ్లి, చోళ్లు చెరుగుతున్న ఆయన భార్య గాసమ్మ వదిన ముందు కూర్చుని అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చేట కిందపెట్టింది.

“కాలు పోతే పోయింది, అప్పల్రాజూ. ఆ మాట ఆయనకి సెప్పుంటే నాలుగు తిట్టి, మర్నాడే ఇంకో బండి మొదలెట్టేవోడు కాదేటి?” అంది.

ఇప్పుడు షాపులోకి ఏ పాత ఛాసీ వచ్చినా, దాన్ని సోమన్న ఎక్కడ కోసేవాడో, రెండో గేరుబాక్సు ఎక్కడ కూర్చోబెట్టేవాడో చూసుకుంటూ నిలబడిపోతాను. పిల్చినవాళ్లకు నా జవాబు ఆలస్యంగా అందుతుంది.