వైర్ల బాబాయి చెప్పని పాఠం

ల్యాబు యజమానిని తలుచుకుంటేనే వైర్ల బాబాయికి ఒళ్లు మండిపోతోంది. ల్యాబులో నిక్షేపంలా పనిచేస్తున్న కేబుళ్లన్నీ "చూడ్డానికి వికారంగా ఉన్నాయి" అని పీకించేశాడు ఆ మహానుభావుడు. పైకప్పుకి ఒక వైఫై డబ్బా అతికించి, కిటికీలో పూలకుండీలు పెట్టించాడు. కంప్యూటర్లు నేర్పే చోట పూలకుండీలేమిటో, ఖర్మ కాకపోతే! మెడలో ఎప్పుడూ రెండు కేబుళ్లు దండలా వేసుకు తిరుగుతూ పాఠాలు చెప్పే బాబాయికి ఆ గదిలో అడుగుపెడితే వాంతి వచ్చేట్టుంది.

ప్రాక్టికల్ పరీక్ష ఈ రోజే. బాబాయి అన్న కూతురిది పొద్దుటి బ్యాచ్. ఇందులో గట్టెక్కితేనే దానికి ఉద్యోగం. ల్యాప్‌టాప్ లోపల నడిచే వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌లో, అది ఒక వెబ్‌సైట్ పెట్టింది. పరీక్షకుడు తన ల్యాప్‌టాప్ నుంచి దాన్ని తెరిచి చూడాలి.

బాబాయిది ఎప్పుడూ ఒకటే పద్ధతి. ప్రతి వర్చువల్ మెషీన్‌కీ నెట్‌వర్క్‌లో సొంత అడ్రస్ ఉండాలి. కేబుళ్లున్నప్పుడు అది ఇట్టే కుదిరేది. ఇవాళా పొద్దున్నుంచీ అలాగే పెట్టి చూస్తున్నాడు. వైఫై డబ్బా మాత్రం తనతో నేరుగా కలిసిన ల్యాప్‌టాప్‌నే గుర్తుపడుతోంది, లోపలి మెషీన్ మొహం కూడా చూడటం లేదు.

"బాబాయ్, నాట్ పద్ధతి పెట్టేద్దాం. లోపలి మెషీన్ ల్యాప్‌టాప్ అడ్రస్ మీదే బయటికెళ్తుంది."

"ఛీ! ఇంకొకడి పేరు చెప్పుకుని వీధిలోకెళ్లడం కూడా ఒక బతుకేనా? నా ల్యాబులో ఆ దరిద్రం వద్దు."

"నీ రోషం తర్వాత చూసుకుందువుగాని. పరీక్ష పెట్టేవాయన మెట్లెక్కుతున్నాడు!"

బాబాయి మొహం చిట్లించుకుని, ఎంగిలి ముట్టుకున్నట్టు మౌస్ పట్టుకుని నాట్‌కి మార్చాడు. లోపలి మెషీన్‌కి చటుక్కున ఇంటర్నెట్ వచ్చింది. పిల్ల ఎగిరి గంతేసింది.

పరీక్షకుడు కూర్చుని పిల్ల ల్యాప్‌టాప్ అడ్రస్ కొట్టాడు. వెబ్‌సైట్ రాలేదు. మళ్లీ కొట్టాడు, రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది బాబాయికి. నాట్‌లో లోపలివాళ్లు బయటికి వెళ్లగలరు గానీ, బయటివాళ్లు లోపలికి రాలేరు. ఫలానా పోర్టుకి, అంటే ఫలానా నంబరు తలుపుకి, ఎవరొచ్చినా లోపలి మెషీన్‌కి పంపించమని ల్యాప్‌టాప్‌కి విడిగా చెప్పాలి. ఒక్క లైను రాసే పని. ఆ సంగతి ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. నాట్ అంటే ఉన్న అసహ్యం కొద్దీ, ఏ బ్యాచ్‌కీ ఆ పాఠం చెప్పలేదు.

చెయ్యి ముందుకు చాచాడు.

"మీరు ముట్టుకోకూడదండీ, మాట్లాడకూడదు కూడా," అన్నాడు పరీక్షకుడు. "అమ్మాయే చెయ్యాలి."

అమ్మాయికి తెలియదు. ఆయన కాసేపు చూసి, తప్పిందని చెప్పి లేచిపోయాడు.

పొద్దున్నుంచీ అందరి మీదా ఛీ అన్న బాబాయికి తన మీద తనకే రోత పుట్టింది. పిల్ల కళ్లు తుడుచుకుని, బోర్డు దగ్గరున్న మార్కర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మధ్యాహ్నం పరీక్షకొచ్చే బ్యాచ్‌కైనా చెప్పు బాబాయ్."