ఇంగ్లీషు రచయిత్రికి మా అమ్మ చేసిన పెళ్లి

అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో ఉన్న మా ఇంటికి అమ్మ వచ్చిన ఏడాది, మా అమ్మాయికి స్కూల్లో ఒక ఇంగ్లీషు నవలా రచయిత్రి మీద ప్రాజెక్టు ఇచ్చారు. విక్టోరియా రాణి కాలంలో మగపేరు పెట్టుకుని రాసిన ఆవిడ. వినగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. మా ఊరి ఆడపిల్లల కాలేజీలో రిటైరయ్యేదాకా ఆవిడ జీవితం, నవలలూ పాఠం చెప్పిన మనిషి మరి. ఆ క్లాసులో నేనూ కూర్చున్నాను.

అమ్మ పాఠంలో ఆ రచయిత్రికి బంగారంలాంటి భర్త. నవల రాయమని వెంటపడింది ఆయనే, అచ్చు వేసేవాళ్లతో మాట్లాడిందీ ఆయనే. ఎమ్మే అయ్యాక, పెళ్లొద్దు, రీసెర్చి చేస్తానని నేను మొండికేస్తే అమ్మ తిట్టలేదు. ఆవిడ కూడా పెళ్లయ్యాకే కదా నవల మొదలుపెట్టింది అంది. అంతే, సరేనన్నాను. పెళ్లి చేసుకుని, ఉద్యోగం చేయడానికి వీల్లేని డిపెండెంట్ వీసా మీద ఇక్కడికొచ్చి, మా ఆయనలో ఆ భర్తగారిని వెతుక్కుంటూ గడిపాను. మా ఆయన మంచివాడే. నేను ఏం రాస్తున్నానని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఒక ఆదివారం నేనూ అమ్మా గోంగూర ఆకు తుంచుతుంటే, మా అమ్మాయి లైబ్రరీ పుస్తకం పట్టుకొచ్చింది.

"అమ్మమ్మా, వాళ్లకి పెళ్లి అవ్వలేదు. ఆయనకి వేరే వైఫ్ ఉంది. జస్ట్ కలిసి ఉన్నారు."

పుస్తకమే తప్పేమో అనుకుని అమ్మ వైపు చూశాను. అమ్మ ఆకు తుంచడం ఆపలేదు. తెలుసట. మొదటినుంచీ తెలుసట. ఉన్నదున్నట్టు చెబితే పిల్లల్ని కాలేజీ మాన్పిస్తారని, స్టాఫ్‌రూములో అందరూ కలిసి ఆవిడకు పెళ్లి చేసేశారట. పరీక్షలోనూ భర్త అని రాస్తేనే మార్కులట.

నాకు కోపం రావాలి. వచ్చిందో లేదో నాకే తెలియలేదు. ఆ అబద్ధం లేకపోతే నేను రీసెర్చి చేసేదాన్నా? చేసుంటే, ఎదురుగా నిలబడ్డ ఈ పిల్ల ఎక్కడిది? నాకైనా ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారే. నేను ఒక్క అబద్ధంతో రెండు చేశాను. ఆవిడకొకటి, నీకొకటి."

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఇంతకీ హజ్బెండ్ అని రాయాలా వద్దా అని మా అమ్మాయి అడిగింది. మీ అమ్మనడుగు అంది అమ్మ.

ఉన్నదే రాయమన్నాను. ఆ చిన్న మాట అనడానికి నాకు అంతసేపు ఎందుకు పట్టిందో ఇప్పటికీ తెలియదు.